నర్సమ్మ గారి దీవెనలతో

బాపట్ల,
మార్చి 9, 2025.

పెద్దమ్మా,

వందనాలు. నిన్న ఫోనులో అరిచి అరిచి నా గొంతు పోయింది. నీకేమో "బాగున్నావా" అన్న మాట తప్ప ఏమీ వినపడలేదు. తెనాలి డాక్టరు ఇచ్చిన చెవి మిషను పెట్టుకోమంటే ఫ్యాను చప్పుడు తుపానులా వినిపిస్తోందని బీరువాలో దాచావు. సరే, నీ దారికే వచ్చి కాగితం మీద రాస్తున్నాను. అక్షరాలు పెద్దవిగా ఉన్నాయని నవ్వకు, నీ కళ్ళజోడు సంగతి కూడా నాకు తెలుసు.

చర్చిలో అందరికీ నన్ను సైంటిస్టు అని చెబుతున్నావట. మానెయ్యి పెద్దమ్మా, నాకు సిగ్గుగా ఉంది. నేను చేసే పని ఏంటో మళ్ళీ చెబుతాను విను. రొయ్యల రైతులు పొద్దున్నే చెరువు నీళ్ళు సీసాల్లో పట్టుకుని మా ల్యాబుకు వస్తారు. ఉప్పెంత ఉంది, అమ్మోనియా ఎంత ఉంది అని నేను పరీక్ష చేసి కాగితం రాసిస్తాను. పరీక్ష ఉచితం. ఎందుకు ఉచితమంటే, ల్యాబు నడిపేది చెరువు మందులు అమ్మే కంపెనీ. నా బల్ల పక్కనే మందుల కౌంటరు. నా కాగితంలో ఏదో ఒక లోపం కనబడితేనే ఆ కౌంటరులో డబ్బా కదులుతుంది.

నీళ్ళు బాగున్నాయని రాస్తే మా ఓనరు రవిశంకర్ గారు కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తారు. "ఏంటమ్మా, అంతా బాగుందని రాస్తే రైతు ఇంత దూరం ఎందుకొచ్చినట్టు?" అంటారు. నవ్వుతూనే అంటారు, ఒక్కనాడూ అరవరు. అరిచే మనిషైతే నాకు సులువుగా ఉండేది. నేను బాగుందని రాసిన రైతుక్కూడా కౌంటరు కుర్రాడు "ముందు జాగ్రత్తకి వాడండి" అని డబ్బా చేతిలో పెడతాడు. మరి నేను పొద్దుటి నుంచి ఆ గాజు గొట్టాల ముందు నడుం పడిపోయేలా నిలబడటం దేనికి? ఈ ఉద్యోగంలో చేరినప్పుడు ఏదో నేర్చుకుంటాను, ఎదుగుతాను అనుకున్నాను. ఇప్పుడు నేర్చుకుంటున్నది నోరు మూసుకోవడం ఒక్కటే.

ఇంకో సంగతి. మీ రేపల్లెలో కొత్త ల్యాబు తెరుస్తారట, దానికి నన్ను ఇన్‌ఛార్జిగా వెయ్యాలనుకుంటున్నారట. నాకంటే ముందు నుంచి ఉన్నవాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు. నన్నే ఎందుకు అడిగారో తెలియదు. నేనింకా ఏమీ చెప్పలేదు.

బీపీ మాత్ర మర్చిపోకు. ఎండలో జ్ఞానానందం మావయ్య చెరువు చూడ్డానికని అడవులదీవి వెళ్ళకు.

నీ స్టెల్లా


రేపల్లె,
మార్చి 15, 2025.

నా బంగారు స్టెల్లాకు పెద్దమ్మ ముద్దులు, దీవెనలు.

నీ ఉత్తరం చదివి మోకాళ్ళ మీద పడ్డాను. మోకాళ్ళ నొప్పితో మళ్ళీ లేవడానికి పక్కింటి లూకాని పిలవాల్సి వచ్చింది, అది వేరే సంగతి. ఇన్‌ఛార్జి! అదీ రేపల్లెలో! మీ అమ్మ బతికి ఉంటే ఊరంతా తిరిగి చెప్పేది. అది లేదు కాబట్టి నేను తిరిగాను.

పాస్టరు గారితో మాట్లాడేశాను. మన ఇళ్ళలో ఎవరికి మంచి జరిగినా కృతజ్ఞత కూడిక పెట్టుకోకుండా ఉన్నామా? ఈస్టరు అయ్యాక వచ్చే శనివారం, ఏప్రిల్ 26 సాయంత్రం, మన వాకిట్లోనే. షామియానా లూకా చూసుకుంటానన్నాడు. పాటలు, వాక్యం, తర్వాత దేవుడు చేసిన మేలు చెబుతూ నీ సాక్ష్యం, ఆ తర్వాత బిరియానీ. సాక్ష్యం చెప్పేటప్పుడు గబగబా మాట్లాడకు. నీకు ఆ అలవాటుంది. నిజాంపట్నం వాళ్ళకి, అడవులదీవి వాళ్ళకి కూడా చెప్పాను. అందరూ చెరువుల వాళ్ళేగా, సంతోషించారు. "నర్సమ్మ గారి పిల్లే మనకి నీళ్ళు చూస్తుందంటండి" అని ఒకళ్ళకొకళ్ళు చెప్పుకుంటున్నారట.

ఉత్తరం నిండా ఆ సణుగుడు ఏంటే? మీ ఓనరు నవ్వుతూ మాట్లాడతాడని కూడా ఫిర్యాదేనా? నేను టీకాల పెట్టె భుజానికి తగిలించుకుని కాలవ గట్ల వెంట నడిచినప్పుడు మా డాక్టర్లు ఎలా మాట్లాడేవారో నీకేం తెలుసు! నవ్వితే ఆ రోజు పండగ. ఉద్యోగమన్నాక నడుం నొప్పి ఉంటుంది. కొబ్బరి నూనెలో కర్పూరం వేసి రాసుకో.

చీర ఏ రంగు కావాలో రాయి. నీలం వద్దు, నీకు నప్పదు.

ఆనందంతో
పెద్దమ్మ


బాపట్ల,
మార్చి 21, 2025.

పెద్దమ్మా,

కూడిక ఆపు. చీర తర్వాత, బిరియానీ తర్వాత, ముందు అది ఆపు.

నేనింకా ఏమీ చెప్పలేదని చివర్లో రాశాను కదా! నువ్వు "ఇన్‌ఛార్జి" అన్న మాట దగ్గరే ఆగిపోయి మోకాళ్ళ మీద పడితే నేనేం చెయ్యను? నా బాధంతా సణుగుడైపోయింది, దానికి మందు కొబ్బరి నూనె!

మొన్న ఏం జరిగిందో చెబుతాను. నిజాంపట్నం అవతలి నుంచి వీరాస్వామి గారని ఒక రైతు వచ్చాడు. రొయ్యలు మేత సరిగ్గా తినడం లేదని దిగులు. నీళ్ళు చూశాను, నిక్షేపంగా ఉన్నాయి. మేత ఎక్కువ వేస్తున్నాడు, అంతే. "రెండు పూటలు మేత తగ్గించండి బాబాయ్, ఏ మందూ అక్కర్లేదు" అన్నాను. ఆయన మొహం విప్పారింది. "చల్లగా ఉండమ్మా" అని సీసా పట్టుకుని వెళ్ళిపోయాడు. ఈ ఉద్యోగంలో నాకు దొరికే సంతోషం అలాంటిదే.

సాయంత్రం రవిశంకర్ గారు నన్ను పిలిచి టీ తెప్పించారు. "రైతు ఖాళీ చేతుల్తో వెళ్ళకూడదమ్మా. ఆయనకి మనం ఏదో ఒకటి చేశామన్న తృప్తి ఉండాలి కదా. నువ్వు మంచి పిల్లవి, కానీ మాట తీరు నేర్చుకోవాలి" అన్నారు. ఆ టీ తాగలేక, వదల్లేక చేతిలో పట్టుకుని కూర్చున్నాను. ఇన్‌ఛార్జి అంటే ఏమిటనుకున్నావు? మాట తీరు నేర్చుకోవడమే. నేను నేర్చుకున్న మాటతీరుతో మీ ఊళ్ళో మనవాళ్ళకే, నన్ను ఎత్తుకుని ఆడించినవాళ్ళకే అక్కర్లేని డబ్బాలు అంటగట్టాలి. దానికి కృతజ్ఞత కూడికా?

పాస్టరు గారికి నేనే ఉత్తరం రాయనా?

స్టెల్లా


రేపల్లె,
మార్చి 28, 2025.

స్టెల్లాకు,

పాస్టరు గారికి నువ్వేమీ రాయనక్కర్లేదు. నేను ఇంకా బతికే ఉన్నాను.

నీ ఉత్తరం చదివి ఒకటికి రెండుసార్లు ఆలోచించాను. నీకు బాపట్ల వదలడం ఇష్టం లేదు. అది ఎందుకో కూడా నేను ఊహించగలను. ఎవరా అబ్బాయి? మన సంఘం వాడైతే చెప్పు, కాకపోయినా చెప్పు, నేను మరీ పాతకాలపు మనిషిని కాదు. కానీ దాన్ని దాచడానికి ఒక పెద్దమనిషి మీద నిందలు వెయ్యడం మాత్రం నాకు నచ్చలేదు.

పెద్దమనిషి అని ఊరికే అనడం లేదు. కూడికకి పిలుద్దామని లూకా చేత ఆయనకి ఫోను చేయించాను. మర్నాడే కారేసుకుని వచ్చాడు. పళ్ళు తెచ్చాడు. నా కాళ్ళకి దణ్ణం పెట్టబోతే వద్దన్నాను. నాకు వినపడదని తెలిసి అన్నీ కాగితం మీద రాసి చూపించాడు, ఎంత ఓపికో! నేను ఏయే ఊళ్ళలో పనిచేశానో, ఎవరెవరు తెలుసో అన్నీ అడిగాడు. కూడికకి తప్పకుండా వస్తానన్నాడు.

నీ రైతు సంగతికి వస్తాను. వెయ్యని టీకాలు వేసినట్టు రాయమని నన్నూ అడిగారు. రాయలేదు. అందుకు నన్ను అడవులదీవికి విసిరేశారు. మీ అమ్మ ఉద్యోగం మానెయ్యమని ఏడ్చింది. మానేశానా? మానేస్తే నా చోటికి రాయడానికి ఇష్టపడేవాళ్ళు వచ్చేవాళ్ళు. అందుకని అక్కడే ఉండి, ఇంటింటికీ తిరిగి నిజంగా వేసే రాశాను. కుర్చీలో నువ్వుంటే నువ్వు రాసిందే కాగితం. నువ్వు లేచిపోతే ఎవరో వచ్చి అబద్ధం రాస్తారు. దీనికేం చెబుతావు?

కూడిక ఆగదు. ఆకుపచ్చ చీర కొన్నాను.

పెద్దమ్మ


బాపట్ల,
ఏప్రిల్ 4, 2025.

పెద్దమ్మా,

అబ్బాయీ లేడు, గాడిద గుడ్డూ లేదు. పొద్దున్న నుంచి చెరువు నీళ్ళ వాసన కొట్టే నన్ను ఎవడు చూస్తాడు?

ఆయన మన ఇంటికి వచ్చి ఊళ్ళ పేర్లు ఎందుకు అడిగాడు? నాకది బాగోలేదు. బాగోలేదంటే నువ్వు మళ్ళీ నింద అంటావు, అందుకని ఊరుకుంటున్నాను.

కానీ నీ ఉత్తరంలో కుర్చీ గురించి రాసింది నన్ను వదల్లేదు. నీకు నా మాట వినపడదు గాని, నీ మాట మాత్రం నా నెత్తిమీద కూర్చుంటుంది. నీ ఉద్యోగం, నా ఉద్యోగం ఒకటి కాదు. నీ సూదికి వెనక మందుల కౌంటరు లేదు. అయినా ప్రయత్నించకుండా పారిపోయానని నువ్వు అనుకోవడం నేను భరించలేను. నిన్న రవిశంకర్ గారిని సూటిగా అడిగాను. "నేను రేపల్లె వెళ్తే, నీళ్ళు బాగున్నప్పుడు బాగున్నాయని రాస్తాను. డబ్బా చేతిలో పెట్టనివ్వను. ఒప్పుకుంటారా అండి?" అన్నాను. "అక్కడ నువ్వు చెప్పిందే వేదం అమ్మా" అన్నారు.

అంత సులువుగా ఒప్పుకున్నందుకు నమ్మాలో లేదో తెలియడం లేదు. నమ్మాలనే చూస్తున్నాను. వస్తాను. ఒక్కటే బతిమాలుకుంటున్నాను, ఆ రోజు చెవి మిషను పెట్టుకో.

స్టెల్లా


రేపల్లె,
ఏప్రిల్ 28, 2025.

స్టెల్లాకు,

ముందు తిట్లు. తినకుండా బస్సెక్కి వెళ్ళిపోతావా? ఎంతమంది అడిగారో నీ గురించి! కడుపులో బాగోలేదని లూకాతో చెప్పి వెళ్ళావట. నాతో చెబితే వాము ఇచ్చేదాన్ని కదా.

మిషను పెట్టుకోలేదని నీకు కోపం వచ్చిందేమో. పెట్టుకున్నానమ్మా. పాటలు మొదలవగానే ఆ మైకు కీచుమంది, చెవిలో మేకు దిగినట్టయి తీసేశాను. అయినా నాకు అన్నీ అర్థమయ్యాయి. ముప్పై ఏళ్ళు మనుషుల మొహాలు చూసి జ్వరం చెప్పినదాన్ని.

రవిశంకర్ గారు ఎంత బాగా మాట్లాడారు! నా వైపు చెయ్యి చూపించారు, నీ వైపు చూపించారు, జనమంతా నన్నే చూశారు. నిన్ను పొగుడుతున్నారని తెలిసి నేనే ముందు చప్పట్లు కొట్టాను. నన్ను చూసి అందరూ కొట్టారు. ఫోటోలు కూడా తీశారు.

ఇక నీ సాక్ష్యం. గబగబా మాట్లాడకుండా ఆగి ఆగి చెప్పావు, నా మాట విన్నావు. వాకిట్లో ఒక్కళ్ళూ కదల్లేదు. పాస్టరు గారు తల దించుకున్నారు. మీ జ్ఞానానందం మావయ్య అయితే ఉండబట్టలేక లేచి బయటికి వెళ్ళాడు, వాడిది మొదటి నుంచి మెత్తటి మనసు. అంత కదిలించే సాక్ష్యం ఈ మధ్య ఎవరూ చెప్పలేదు. తర్వాత ఎవరూ సరిగ్గా తిననూ లేదు. బిరియానీ గిన్నె సగం మిగిలిపోయింది, ఉప్పు తక్కువైందా అంటే అందరూ బాగుందనే తలూపారు. రవిశంకర్ గారు కూడా పని ఉందని ముందే వెళ్ళిపోయారు.

ఏం చెప్పావో నాకు రాసి పంపు. దాచుకుంటాను.

గర్వంతో
పెద్దమ్మ


బాపట్ల,
మే 5, 2025.

పెద్దమ్మా,

ఈ ఉత్తరం మొదలుపెట్టి చించి, మళ్ళీ మొదలుపెట్టాను. నువ్వు అడిగింది రాసి పంపుతున్నాను. దాచుకోవద్దు.

ముందు ఆయన ఏమన్నాడో చెబుతాను. నీ వైపు చెయ్యి చూపించి, "ఈ అమ్మ చేతి సూది పడని పిల్లాడు ఈ చుట్టుపక్కల ఉన్నాడా అండి? ఆ చేతిని నమ్మారు, మీ బిడ్డలు బాగున్నారు. ఇప్పుడు ఆ చేతుల్లో పెరిగిన పిల్ల మీ చెరువుకి ఏ మందు వెయ్యాలో చెబుతుంది. నమ్మరా మరి?" అన్నాడు. అప్పుడు నువ్వు చప్పట్లు కొట్టావు.

నన్నే ఎందుకు ఎంచుకున్నాడో ఆ క్షణంలో అర్థమైంది. వాళ్ళకి కావలసింది నేను కాదు పెద్దమ్మా, నువ్వు. నీ పేరు. నువ్వు ఎండలో నడిచి సంపాదించుకున్న నమ్మకం. దాన్ని మన వాకిట్లో, మన షామియానా కింద, పాస్టరు గారి ప్రార్థన అయ్యాక, మందు డబ్బాకి అంటించాడు. కూడికకి కాస్త ముందు నా చేతిలో ఒక చార్టు పెట్టాడు. ఏ ఫలితం వస్తే ఏ మందు ఇవ్వాలో అందులో వరసగా ఉంది. "ఏమీ అక్కర్లేదు" అనడానికి ఎక్కడా చోటు లేదు. నేను చెప్పిందే వేదం అన్న మనిషి!

నేను లేచి ఇలా చెప్పాను: "నేను ఈ ల్యాబులో చేరడం లేదండి. మీ నీళ్ళు బాగున్నా మందు కొనిపించడానికే దీన్ని పెడుతున్నారు. మా పెద్దమ్మని చూసి ఈ ల్యాబు కాగితాన్ని నమ్మకండి. ఆవిడకి ఇవేమీ తెలియవు." అంతే చెప్పాను. కదిలించే సాక్ష్యం ఇదే. మావయ్య మనసు మెత్తనై బయటికి వెళ్ళలేదు, నా మొహం చూడలేక వెళ్ళాడు.

నేను కూర్చున్నాక నువ్వు నా చెయ్యి పట్టుకుని నొక్కావు. కళ్ళు తుడుచుకుంటూ నవ్వావు. ఇంక అక్కడ ఎలా ఉండమంటావు? బిరియానీ ఎలా దిగుతుంది?

సోమవారం ల్యాబుకు వెళితే నా బల్ల దగ్గర ఇంకొకళ్ళు ఉన్నారు. తెనాలిలో స్నేహితురాలి దగ్గరికి వెళ్ళి పని వెతుక్కుంటాను.

స్టెల్లా


రేపల్లె,
మే 17, 2025.

స్టెల్లాకు,

నీ ఉత్తరం లూకా చేతిలో పెట్టి "ఇది నిజమేనా?" అని అడిగాను. చదివి తల దించుకున్నాడు. అప్పుడు అర్థమైంది, ఊరందరికీ తెలుసు, నాకొక్కదానికే తెలియదు. కూడిక అయిన మర్నాడు చర్చిలో ఎంత సంబరంగా తిరిగానో! "మా పిల్ల సాక్ష్యం విన్నారా?" అని కనబడ్డ ప్రతివాళ్ళనీ అడిగాను. అందరూ నవ్వుతూ తలూపారు. చెవిటిదానితో ఎవరు వాదిస్తారు?

నాకు నీ మీద కోపంగా ఉంది. చాలా కోపంగా ఉంది. ఆయన అలా మాట్లాడాడు సరే. నువ్వు నిలబడే ముందు ఒక్క ముక్క కాగితం మీద రాసి నా ఒళ్ళో పడేస్తే నీ సొమ్మేం పోయేది? నేనే లేచి చెప్పేదాన్ని కదా, నా నోటికేం రోగం? నా ఇంట్లో, నా గురించి, నాకు తప్ప అందరికీ చెప్పావు. ఆయన నా పేరు నన్ను అడక్కుండా వాడుకున్నాడు. నువ్వు మాత్రం నన్ను అడిగే మాట్లాడావా?

ఇంకో మాట. నిజం చెప్పడానికి నా వాకిలే దొరికిందా? ఆయన ల్యాబులో, ఆయన కౌంటరు ముందు, రైతుల ఎదురుగా ఎందుకు చెప్పలేదు? ఉద్యోగం పోతుందనే కదా? ఎలాగూ పోయింది.

నీ ఉత్తరం వచ్చినప్పటి నుంచి ఇంట్లోంచి బయటికి వెళ్ళడం లేదు. నేనే ముందు కొట్టాను ఆ చప్పట్లు. ఆ చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు.

కొన్నాళ్ళు ఉత్తరం రాయకు.

పెద్దమ్మ


తెనాలి,
జూన్ 22, 2025.

పెద్దమ్మా,

రాయొద్దన్నావు, ఇన్నాళ్ళూ రాయలేదు. ఇవాళ రాయకుండా ఉండలేకపోతున్నాను.

నువ్వు అడిగినదానికి ముందు జవాబు. కౌంటరు ముందు ఎందుకు చెప్పలేదంటే, భయపడే. నీ వాకిట్లో ధైర్యం ఎందుకు వచ్చిందంటే, అక్కడున్నవాళ్ళు మనవాళ్ళు కాబట్టి. ఆ రోజు నేను నిజం చెప్పానా, కోపం తీర్చుకున్నానా అని చాలాసార్లు ఆలోచించాను. రెండూ కలిసే ఉన్నాయి. విడదీసి చూపించమంటే నా వల్ల కాదు.

ఇక్కడ రక్త పరీక్షల ల్యాబులో చేరాను. మనుషుల నెత్తురే, చెరువు నీళ్ళు కాదు, ఇక్కడైనా పద్ధతిగా ఉంటుందనుకున్నాను. పరీక్షలు రాసి పంపే డాక్టర్లకి నెల నెలా డబ్బు కవర్లు వెళతాయి. జ్వరానికి వచ్చినవాళ్ళకి కూడా చాంతాడంత పరీక్షల జాబితా. ఎక్కడికని పారిపోను పెద్దమ్మా? నేను చెయ్యగలిగింది ఒక్కటే, నా చేతిలోకి వచ్చిన నమూనాని సరిగ్గా చూసి సరిగ్గా రాయడం. ఇంత చదువు చదివి, ఇంత గొడవ పడి, తేలింది ఇంతేనా అని విసుగొస్తోంది.

అసలు సంగతికి వస్తాను. బాపట్లలో నాతో పనిచేసిన అమ్మాయి నిన్న ఫోను చేసింది. రేపల్లె ల్యాబు తెరిచారట. బోర్డు మీద నీ ఫోటో ఉందట. "నర్సమ్మ గారి దీవెనలతో" అని రాసి ఉందట. ఫోటోలో నవ్వుతూ ఉన్నావట. రైతులు అది చూసే లోపలికి వెళుతున్నారట.

నా మీద కోపం ఉంటే నన్ను కొట్టు, తిట్టు. ఆయనకి నీ దీవెన ఎలా ఇచ్చావు? అడవులదీవికి విసిరేసినా అబద్ధం రాయని మనిషివి నువ్వు. నాకు ఉద్యోగం పోయినప్పుడు కూడా ఇంత ఏడుపు రాలేదు. ఇంక నీకు రాయడానికి నా దగ్గర ఏమీ లేదు.

స్టెల్లా


రేపల్లె,
జూన్ 27, 2025.

ఒసేయ్ స్టెల్లా,

నీ ఉత్తరం చదవగానే తెనాలి రైలెక్కి వచ్చి నీ చెంప పగలగొట్టాలనిపించింది. తర్వాత కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాను. బోర్డేంటి, ఫోటో ఏంటి? ఇల్లు కదలని నాకు ఏం తెలుస్తుంది? లూకాని పిలిచి అడిగాను. వాడికి తెలుసు. "మీరు బాధపడతారని చెప్పలేదండి అమ్మమ్మ గారూ" అని రాసి చూపించాడు. నా బాధ గురించి ఈ ఊళ్ళో అందరికీ ఎంత శ్రద్ధో! వాడిని ముందు తిట్టి, తర్వాత వాడి ఆటోయే ఎక్కాను.

స్టేషను రోడ్డులో ఉంది ల్యాబు. ఫ్లెక్సీ గోడంత ఉంది. ఒక పక్క రొయ్య, ఇంకో పక్క నేను. రొయ్య కంటే నేనే పెద్దగా ఉన్నాను. కూడిక రోజు తీసిన ఫోటో, రెండు చేతులూ ఎత్తి చప్పట్లు కొడుతున్నాను. నవ్వు చూస్తే నాకే ముచ్చటేసింది. కింద నువ్వు రాసిన ఆ దీవెనల మాటలే ఉన్నాయి.

లోపల కౌంటరు అమ్మాయికి అది తీసెయ్యమని చెప్పాను. ఓనరు గారిని అడగాలందట. అడగమన్నాను. ఫోనులో ఆయన ఏమన్నాడో లూకా రాసి చూపించాడు: "పెద్దావిడ కదా, కోపం తగ్గాక మనమే వెళ్ళి మాట్లాడదాం." కోపం తగ్గేదాకా నేను ఆ గోడ మీద చప్పట్లు కొడుతూ ఉండాలన్నమాట.

పక్క కొట్లో టైలరు దగ్గర కత్తెర అడిగాను. ల్యాబులోంచి స్టూలు నేనే లాక్కొచ్చుకున్నాను. లూకా "నేను కోస్తానండి" అని సైగ చేశాడు. నా మొహం నేనే కోసుకుంటాను, నువ్వు స్టూలు పట్టుకో అన్నాను. గట్టిగా ఉంది ఆ ఫ్లెక్సీ. చేతులు నొప్పులు పుట్టాయి. తల నుంచి మొదలుపెట్టి, చేతులు కూడా వదలకుండా చుట్టూ కోసి దించాను. ఈలోగా సీసాలు పట్టుకున్న రైతులు పోగయ్యారు. అందులో నేను సూది వేసినవాళ్ళే సగం. ఒకడు నా చెవి దగ్గరికి వచ్చి, నాకు వినపడేంత గట్టిగా అరిచాడు, "ఏంటండి నర్సమ్మ గారూ, మీ ఫోటో మీరే కోసుకుంటారా?" అని.

"ఆ చప్పట్లు మా పిల్లకి కొట్టినవి నాయనా, ఈ కొట్టుకి కాదు" అన్నాను. "మా పిల్ల ఆ రోజు చెప్పిందే నా మాట కూడా" అన్నాను. నేను నిన్ను అడిగినట్టే, ఆయన కౌంటరు ముందే అన్నాను.

అందరూ వెనక్కి వెళ్ళిపోయారని రాస్తే నువ్వు సంతోషిస్తావు. వెళ్ళలేదు. కొందరు వెళ్ళారు, కొందరు నన్ను తప్పించుకుని లోపలికి పోయారు. చెరువులో రొయ్య తేలుతుంటే మనిషికి భయం, ఎవరో ఒకరు ఏదో ఒకటి ఇస్తే చాలనిపిస్తుంది. వాళ్ళని నేనేం అనను. నా పేరు చూసి మాత్రం ఎవరూ వెళ్ళక్కర్లేదు. నా చేతనైంది అది.

నువ్వు ఆ కుర్చీ వదులుకున్నందుకు నా కోపం ఇంకా పోలేదు, నాతో చెప్పకుండా మాట్లాడినందుకు అసలు పోలేదు. రక్తం ల్యాబులో కవర్ల సంగతి రాసి, పారిపోతానన్నట్టు మాట్లాడావు. కదిలావంటే ఊరుకోను. నమూనా సరిగ్గా చూసి సరిగ్గా రాయడమే నేను కూడా చేసింది. నీకు అది ఇంతేనా అనిపిస్తోంది. నాకు దానికే ఒక జన్మ సరిపోయింది.

ఇంక ఆఖరి మాట. నా గురించి ఎవరో ఏదో ఫోనులో చెబితే నమ్మేశావు. ఇంకెప్పుడైనా అలాంటిది వింటే ముందు నన్ను అడుగు. కాగితం మీద రాసి అడుగు. నేను చెవిటిదాన్నేనే, చదవడం వచ్చు.

పెద్దమ్మ